గోడ వైపు తిరిగిన మనిషి

జిరాక్సు కొట్టు అక్క పోయిన తొమ్మిదో రోజు పొద్దున ఆమె భర్త మా ఇంటికి వచ్చాడు. ఊరి బయట గొర్రెలు మేపుకునే మనిషి. భుజాన కంబళి, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలోంచి ఆమె ఫోన్ తీసి, నిద్రపోతున్న పిల్లను పడుకోబెట్టినంత మెల్లగా టీపాయ్ మీద పెట్టాడు.

"ఎల్లుండి దినం సార్. ఫోటో పెట్టల్ల. ఊరందరికీ ఫోటోలు తీసింది గానీ మా ఇంటామె ఫోటో ఒక్కటి లేదు ఇంట్లో."

"ఆధార్ కార్డులో ఉంటుంది కదన్నా?" అన్నాను.

"అది ఆమేనా సార్? ఎవరో దొంగను పట్టుకొచ్చి నిలబెట్టినట్లుండాది. ఆస్పత్రికి పోయే ముందర ఒకటి తీసుకున్యా, ఫోన్లో ఉండాది అని చెప్పింది. ఇది చూస్తే తెరుచుకోదు. గీత గీయల్లంట. నాలుగు మార్లు గీసినా. సెల్లు షాపులో అడిగితే, ఇంగొక్క మారు తప్పు గీస్తే లోపలుండేదంతా తుడుచుకుపోతాదన్యారు. ఆమే అట్ల పెట్టుకుందంట." కంబళి సర్దుకుని, "మీ దగ్గర ఒక కవరు ఉండాదంట కదా సార్?" అన్నాడు.

ఉంది. బీరువాలో, మా ఇంటి పత్రాల కింద ఉంది. లేచి తెచ్చి ఇవ్వడానికి అర నిమిషం పట్టదు. కానీ నేను లేవలేదు. ఆ కవరు పోయిన సంవత్సరానిది. ఏటా శ్రావణమాసంలో ఆమే వచ్చి పాతది తీసుకుని కొత్తది ఇచ్చి పోయేది. ఈ ఏడు బెంగళూరు ఆస్పత్రిలో ఉండిపోయింది, రాలేదు. ఈ సంవత్సరంలో ఆమె గీత మార్చి ఉంటే? మిగిలింది ఒక్క అవకాశం. తప్పైతే ఈయనకు భార్య ముఖం ఆధార్ కార్డులో తప్ప ఇంకెక్కడా ఉండదు. "ఉండన్నా, కాఫీ తాగు ముందు," అని లోపలికి పోయి, వంటింట్లో ఊరికే నిలబడ్డాను.

కదిరి బస్టాండు వెనక సందులో ఆమెది ఒక్క గది కొట్టు. జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటోలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. ఇంటర్ దాకా చదివింది. రోజూ ఎనిమిదింటి బస్సుకు పల్లె నుంచి వచ్చేది. అందరికీ అక్క. ఆమె పేరు బోర్డు మీద లేదు, మాలో ఎవరమూ అడగనూ లేదు.

మా వైపు జనం పాస్‌వర్డ్‌ను కూడా కండక్టరుకు ఊరి పేరు చెప్పినట్లు గట్టిగా చెప్తారు. "రాసుకో అక్కా, నా పేరు, పక్కన ఒకట్రెండ్మూడు," అంటూ కౌంటరు మీద వాలేవాళ్లు. ఆమె వెంటనే రెండు చేతులతో చెవులు మూసుకునేది. "ఏమప్పా, మీ ఇంటి తాళంచెవి నాకేంటికి? జరుగు, ఈడ కూర్చుని నువ్వే కొట్టుకో," అని కుర్చీ వాళ్లకిచ్చి, తను గోడ వైపు తిరిగి నిలబడేది. గోడకు ఎరువుల అంగడి వాళ్లిచ్చిన క్యాలెండరు ఉండేది. దాన్ని పైకి చదివేది. "ఒకటో తేదీ బుధవారం విదియ. రెండు, గురువారం తదియ. మూడు, శుక్రవారం చవితి..." బళ్లో పాఠం అప్పజెప్పినట్లు, ఆపకుండా. టైపు చేసే మనిషి "అయిందక్కా" అనేదాకా ఇటు తిరిగేది కాదు. ఒంటి వేలితో అక్షరం అక్షరం వెతుక్కునే ముసలాయన వచ్చాడంటే నెల అయిపోయి, కాగితం తిప్పి, వచ్చే నెల కూడా చదవాల్సి వచ్చేది.

నేను ఒకసారి నవ్వాను. "ఏమ్మా, కళ్లు మూసుకుంటే సరిపోదా? ఈ పంచాంగం అంతా ఎందుకు?"

"నేను కండ్లు మూసుకున్యానో లేదో వాళ్లకెట్ల తెలుస్తాది సార్? చదువుతాంటే నా కండ్లు యాడుండాయో వాళ్లకు చెవులతోనే తెలుస్తాది."

పాస్‌వర్డ్ ఎక్కడ దాచుకోవాలని ఎవరైనా అడిగితే ఆమె నేరుగా జవాబు చెప్పేది కాదు. వైద్యం చేసే మనిషిలా ముఖంలోకి చూసి, "నువ్వు మర్సిపోతానని భయపడే మనిషివా, దొంగ వస్తాడని భయపడే మనిషివా?" అని అడిగేది. మరుస్తానంటే, కాగితం మీద రాసి, దాని మీద పేరు గానీ అది దేనిదో గానీ లేకుండా, పట్టాదారు పుస్తకం పెట్టుకునే చోటనే పెట్టుకోమనేది. దొంగకు భయపడితే, ఆ దొంగ బయటివాడా ఇంటివాడా అని అడిగేది. కొందరు ఆడవాళ్లు ఆ ప్రశ్నకు తల వంచుకునేవాళ్లు. వాళ్లకు ఫోన్లో తాళంచెవుల పెట్టె లాంటి ఆప్ ఒకటి పెట్టించేది. అన్నిటి పాస్‌వర్డ్‌లూ అందులోనే ఉంటాయి, ఆ పెట్టెకు ఒక్కటే పాస్‌వర్డ్, అది మాత్రం తలలో ఉండాలి. "ఒకదానికొకటి పొంతన లేని నాలుగు మాటలు పెట్టుకో. నువ్వు తప్ప ఇంగెవరూ ఒక చోట చేర్చలేని మాటలు. దేవుని పేరొద్దు, పిల్లోళ్ల పేర్లొద్దు, ఊరంతా అవే పెట్టుకుంటాండారు," అనేది.

నన్నూ అడిగింది ఒకసారి. నాకు రెండు భయాలూ లేవమ్మా అన్నాను గర్వంగా. అప్పటికి ఇరవై ఏళ్లుగా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తున్నాను, నా జ్ఞాపకశక్తి మీద నాకు నమ్మకం జాస్తి. ఆమె నవ్వలేదు. "భయం లేకపోవడమే మీ జబ్బు సార్," అంది. ఆ జబ్బు ఎంతదో ఆ ఏడాదే బయటపడింది.

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష రాసిన మా పిల్లలు ఇరవై ముగ్గురు. ఏ కాలేజీ కావాలో వరస ప్రకారం ఆన్‌లైన్లో ఆప్షన్లు పెట్టుకోవాలి. పల్లె పిల్లలు, ఎక్కడెక్కడ తిరుగుతారు పాపం అని నేనే అందర్నీ కాలేజీ ల్యాబులో కూర్చోబెట్టి పెట్టించాను. అందరికీ ఒకటే పాస్‌వర్డ్. ఎవరూ మర్చిపోకుండా బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. మంచిపని చేశానని ఆ రోజు ఇంట్లో చెప్పుకుని మురిసిపోయాను కూడా. బోర్డు తుడవలేదు. తరగతులు లేవు కదా, ఎవరు చూస్తారని.

మార్పులు చేసుకోవడానికి ఆఖరి రోజు మధ్యాహ్నం ఆమె నుంచి ఫోన్ వచ్చింది. "సార్, బిర్నా రాండి," అంది, అంతే. ఉన్నపళంగా బయల్దేరాను.

కొట్లో మా విద్యార్థిని ఒకతి నిలబడి ఉంది. క్లాసులో ముందు బెంచీ పిల్ల, కూలి చేసుకునే తల్లికి ఒక్కతే కూతురు. కాగితం ప్రింటు తీయించుకుందామని వచ్చిందట. అనంతపురంలోని ప్రభుత్వ కాలేజీ మొదట ఉండాల్సిన చోట, ఆ పిల్ల పెట్టని ప్రైవేటు కాలేజీ ఒకటి ఉంది. "అమ్మ అనంతపురమైతేనే పంపుతాననింది సార్. ఇదొస్తే ఇంగ చదువు లేదు," అంది ఆ పిల్ల. ఏడవడం లేదు. కాగితాన్ని మాత్రం మడుస్తూ విప్పుతూ ఉంది.

"ఎవరికి చెప్పినారు సార్ పాస్‌వర్డ్?" అని అడిగింది ఆమె.

"ఎవరికీ చెప్పలేదమ్మా."

"బోర్డు మీద రాసినారంట కదా?"

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం ఆ ప్రైవేటు కాలేజీ పీఆర్వో సీట్లు నింపుకునే పని మీద వచ్చి, మాకు డైరీలు, పెన్నులు పంచి, ల్యాబులో కూర్చుని చల్లగా నీళ్లు తాగి పోయాడు. ఫోన్ చేతిలోనే ఉంది అతనికి. పిల్లల హాల్‌టికెట్ నంబర్లు నోటీసు బోర్డులో నేనే అంటించాను. ఇంకేం కావాలి?

ఆప్షన్లు సరిచేయించాం. పావుగంట తర్వాత ఆమె మళ్లీ తెరిపించి చూస్తే, ఆ ప్రైవేటు కాలేజీ మళ్లీ మొదటికొచ్చి కూర్చుంది. "లోపల ఎవరో ఉండారు సార్. పాస్‌వర్డ్ మార్చందే లాభం లేదు." గడియారం రెండున్నర. ఆరింటికి సైటు మూసేస్తారు.

"అయితే ఇరవై మూడూ నేనే మార్చేస్తాను. కొత్తది ఒకటి పెట్టేస్తే పోతుంది," అన్నాను, కుర్చీ లాక్కుంటూ.

ఆమె కీబోర్డు తీసి ఎదకు హత్తుకుంది. "మళ్లీ ఒకటేనా? మళ్లీ మీ చేతిలోనేనా? మీరు ముట్టుకోవద్దు సార్. ఎవరిది వాళ్లు పెట్టుకోవల్ల."

"టైము లేదు తల్లీ!"

"టైము లేదనే కదా అప్పుడూ అట్ల చేసింది."

కొట్లో నలుగురున్నారు. నా పాత విద్యార్థి ఒకడు కూడా ఉన్నాడు. నాకు తల తీసేసినట్లయింది. కోపం కూడా వచ్చింది, ఈమె ఎవరు నాకు చెప్పడానికని. ఆ కోపంతోనే పిల్లలందరికీ ఫోన్లు చేశాను. దగ్గరున్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు, దూరమున్నవాళ్లు వాళ్ల ఊరి నెట్ సెంటర్లకు పోయారు. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆమె కుర్చీలో కూర్చోబెట్టి, గోడ వైపు తిరిగి, తిథులు చదివింది. గడియారం నాలుగు కొడుతుంటే కూడా ఒక్క తేదీ తగ్గించలేదు. నేను పళ్లు నూరుకుంటూ నిలబడ్డాను.

చివరకు మిగిలింది ఈ పిల్లే. పాస్‌వర్డ్ మార్చాలంటే ఫోన్‌కు ఓటీపీ రావాలి, ఆ నంబరు వాళ్లమ్మది. ఎన్నిసార్లు చేసినా అందుబాటులో లేదంటోంది. ముందు రోజే వాన పడింది. రెండు నెలలు ఎదురుచూసిన వాన. పదును ఆరేలోగా వేరుశనక్కాయ వేయాలని పల్లెలు పల్లెలే చేలల్లో ఉన్నాయి.

"చేనికే పోండి సార్. మీ దాంట్లో నెట్టు లేదు కదా, నా ఫోన్ తీస్కపోండి, ఆ పిల్ల ఆడనే మార్చుకుంటాది," అందామె. తాళం తీసి ఇవ్వడానికి ఫోన్ చేతిలోకి తీసుకుని, నా వైపు చూసింది. "గోడ పక్కకు తిరగండి సార్."

తిరిగాను.

"చదవండి."

"ఏందమ్మా?"

"పైకి చదవండి సార్."

నా విద్యార్థిని ముందు నిలబడి, చెమటలు కారుతుండగా, "ఒకటో తేదీ, శనివారం, పంచమి," అని చదివాను. జన్మలో అంత సిగ్గుపడలేదు. ఆమె ఇక తాళం పడకుండా ఏదో నొక్కి, ఫోన్ ఆ పిల్లకిచ్చింది, నాకివ్వలేదు.

బండి మీద పద్నాలుగు కిలోమీటర్లు. చేనికి చేరేసరికి ఐదయింది. గొర్రు వెనక ఆడవాళ్లు ఒడిలోంచి విత్తనం జారవిడుస్తూ నడుస్తున్నారు. ఆ పిల్ల గట్టు మీంచి కేకేసింది. తల్లి తల తిప్పింది గానీ నడక ఆపలేదు. "ఇప్పుడేంది మే! పదును పోతాండాది. రెండు సాళ్లుండాయి, ఏసి వస్తా."

"మా, నాకూ పోతాండాది మా!"

ఆ గొంతులో ఏం వినిపించిందో, తల్లి ఒడి విప్పి గింజలు పక్కామెకు పోసి వచ్చింది. తల్లి ఫోన్ అన్నం క్యారియరు సంచిలో, రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి ఉంది. సిగ్నలు చేని పక్క బండ ఎక్కితేనే వస్తుందట. తల్లీ కూతురూ పైకి పరుగెత్తారు, నేను వెనక రొప్పుకుంటూ ఎక్కాను. మొదటి ఓటీపీ రానే లేదు. రెండోది వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఐదూ ముప్పై ఐదు. మూడోసారి ఫోన్ కుయ్యిమంది. పిల్ల అంకెలు కొట్టింది, సైటు కొత్త పాస్‌వర్డ్ అడిగింది. ఆ పిల్ల అట్లాగే చేలవైపు చూస్తూ ఒక్క క్షణం ఆలోచించింది, తర్వాత గబగబా కొట్టింది.

అలవాటు ఎక్కడికి పోతుంది? "ఏం పెట్టావమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నాకు వీపు పెట్టి కూర్చుంది. "చెప్పగూడదు సార్."

ఆప్షన్లు సరిచేసి ముగించేసరికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. తర్వాత ఆ పిల్లకు అనంతపురంలోనే సీటు వచ్చింది. మిగతావాళ్లవీ ఏవీ చెడిపోలేదు.

మర్నాడు ఫోన్ ఇవ్వడానికి పోయాను. ముఖం చెల్లక, "నేను మంచికే చేశానమ్మా," అన్నాను.

"మంచికే చేసినారు సార్. అందుకే పిల్లోళ్లు ఒక్కరూ మిమ్మల్ని ఎదురడగల్యా," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటతో చాలా రోజులు అన్నం సహించలేదు నాకు.

మరుసటి శ్రావణంలో ఆమె మా ఇంటికి వచ్చి ఒక గోధుమ రంగు కవరు చేతిలో పెట్టింది. అంటించిన చోట అడ్డంగా సంతకం. "నాకేమన్నా అయితే మా ఇంటాయప్ప వస్తాడు. అంతదాకా మీకాడ ఉండనీ. మాకు పిల్లోళ్లు లేరు కదా."

"నాకెందుకమ్మా? నేను బోర్డు మీద రాసే మనిషిని!"

"అప్పుడు మీకు భయం లేదు సార్. ఇప్పుడుండాది," అని, మజ్జిగ తాగి పోయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉద్యోగంలో ఇచ్చిన శాలువాలూ జ్ఞాపికలూ ఒక ఎత్తు, ఆ కవరు ఒక ఎత్తు.

నమ్మింది కదా అని పరీక్షించడం మానలేదు. ప్రతి ఏడూ పాత కవరు ఎండలో పట్టి, అంచు వేలితో తడిమి చూసి, మా వాకిట్లోనే అగ్గిపుల్ల గీసి కాల్చేసి, కొత్తది ఇచ్చేది. ఒక ఏడు ఎండకు జిగురు ఎండిపోయి అంచు లేచింది. ఆమె కవరు వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది. నేను తెరవలేదని నాకు తెలుసు, అయినా చెమట పట్టింది. "సరేలే సార్," అంది చివరకు. ఆ తర్వాత నుంచి కవరు మూతిని సూదీ దారంతో కుట్టి తెచ్చేది.

ఒక్క విషయంలో మాత్రం ఆమెను నేను దెప్పేవాణ్ని. "ఊరందరికీ నాలుగు మాటలు చెప్తావు, నీ ఫోన్‌కు చూస్తే చుక్కల మీద గీత. మాటల కంటే అది బలం తక్కువ తాళం కాదా?" అంటే, "దానికో కారణముండాది లే సార్," అని మాట తప్పించేది. ఆమె కూడా ఇంత అజాగ్రత్తగా ఉంటుందా అని లోపల కొంచెం సంతోషపడేవాణ్ని.

కాఫీ చల్లారిపోయింది. ఎంతసేపని వంటింట్లో నిలబడను? బీరువా తీసి కవరు తెచ్చాను. కుట్టు కుట్టినట్లే ఉంది.

"అన్నా, ఇది పోయినేటిది. ఆమె మధ్యలో మార్చి ఉంటే ఇది పనికిరాదు. ఆ ఒక్క అవకాశమూ పోతుంది. నువ్వు చెప్పు, తెరవమంటావా?"

ఆయన టీపాయ్ మీది ఫోన్‌ను దగ్గరికి తీసుకున్నాడు. "రాలేకపోతినే అని ఆస్పత్రిలో మీ మాట తలుచుకున్యాది సార్. కవరు సార్ కాడుండాది, అదే సాలు అన్యాది. అదే సాలు అనింటే మార్చలేదనే కదా?" అని నన్నే అడిగాడు. "తెరవండి సార్," అన్నాడు.

బ్లేడుతో దారం కోశాను. లోపల ఇంకో చిన్న కవరు, అదీ కుట్టి ఉంది. దాని మీద ఆమె గుండ్రటి అక్షరాలు: "సార్, ఇది ఆయప్ప చేతికియ్యండి. మీరు గోడ పక్కకు తిరగండి."

రెండుసార్లు చదివాను. తర్వాత కవరూ బ్లేడూ ఆయన చేతిలో పెట్టి, లేచి, క్యాలెండరు ముందు నిలబడ్డాను.

వెనక దారం తెగిన చప్పుడు. కాగితం మడత విప్పిన చప్పుడు.

"సార్, అక్షరాలు లేవు సార్ దీంట్లో. తొమ్మిది చుక్కలు పెట్టి గీత గీసింది. మొదలుపెట్టే కాడ కుంకం బొట్టు పెట్టింది."

ఆయనకు చదువు రాదు. ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ అన్నేళ్లు ఆమెను దెప్పాను.

"చెప్పొద్దన్నా. ఇంకేమీ చెప్పొద్దు. మెల్లగా చూసి గియ్యి," అన్నాను. పైకి చదవడం మొదలుపెట్టాను. "ఒకటో తేదీ, గురువారం, దశమి. రెండు, శుక్రవారం, ఏకాదశి. మూడు, శనివారం, ద్వాదశి..."

పదకొండో తేదీ దాకా వెనక ఏ చప్పుడూ లేదు. పన్నెండు చదువుతుండగా ఆయన ఊపిరి గట్టిగా వదిలాడు.

"ఉండాది సార్," అన్నాడు. "నగుతాండాది."

తర్వాత వెక్కి వెక్కి ఏడుస్తున్న చప్పుడు. కానీ ఆయన ఇంకా "అయింది" అనలేదు. నేను ఇటు తిరగకుండా పదమూడో తేదీ చదివాను, తర్వాత పద్నాలుగు.